పొన్ను కర్ర పట్టుకొని కరీంనగర్ దాకా

కరీంనగర్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మా బొగ్గుబాయి క్వార్టర్ల లైన్లో ఆడపిల్లలు నన్ను నిలవనివ్వడం లేదు. కుళాయి దగ్గర బిందె పెట్టడం ఆలస్యం, ప్రశ్నలు మొదలు. ఊరు ఎంత పెద్దది, కాలేజీలో ఆడపిల్లలు ఎందరున్నారు, అక్కడి వాళ్ళు మన మాట విని నవ్వుతారా అని. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇక ఒకేసారి రాసిపెడదామని కూర్చున్నాను. వచ్చే ఏడు మీలో ఎవరైనా నా వెనకాల వస్తే పనికొస్తుంది. ముందే చెప్తున్నాను, ఇందులో వింతలు తక్కువ. నేను ఊరు చూడటానికి పోలేదు, ఉండటానికి ఇల్లు చూడటానికి పోయాను.

సంగతి మీకు తెలిసిందే. పి.యు.సి.లో చేర్చుకుంటామని కాలేజీ వాళ్ళు చెప్పారు. కానీ ఆడపిల్లలకు అక్కడ హాస్టల్ లేదు. మగపిల్లలైతే కొందరు కలిసి గది తీసుకొని, కిరసనాయిలు స్టవ్వు మీద ఇంత అన్నం ఉడకేసుకొని రోజులు గడిపేస్తారు. నేనెక్కడ ఉండాలి? బాపు కొన్నాళ్ళు ఆ మాటే ఎత్తలేదు. ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చొని చెప్పాడు.

"నా మనసొప్పిన ఇల్లు దొరికితెనే సదువు. దొరకకుంటె మల్ల బండెక్కి ఇంటికొచ్చుడే. ఏడ్సుడు లేదు, అలుగుడు లేదు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? చెన్నూరు నుంచి మేనత్త అప్పటికే కబురు మీద కబురు పెడుతోంది, తన కొడుక్కి నన్ను చేసుకుంటానని. కరీంనగర్‌లో ఇల్లు దొరక్కపోతే నేను చేరేది ఆ ఇంటికే. మేనబావ మంచివాడే, కాదనను. కానీ నాకు ఇంకా చదువుకోవాలని ఉంది.

బెల్లంపల్లి

బాపు ఎక్కడికి పోయినా చేతిలో ఒక గుడ్డసంచి, అంతే. ఈసారి పొన్ను కర్ర కూడా తీశాడు. కొసకు ఇనుప పొన్ను వేసిన ఆ కర్ర మా ఇంట్లో తలుపు మూలకు ఉంటుంది. దాన్ని మేం ముట్టుకుంటే కోపం.

"గిదెందుకు బాపు? కాళ్ళు మంచిగనే ఉన్నయి గద," అన్నాను.

"ఇల్లు సూడబోతున్నమా లేదా?" అన్నాడు.

బొగ్గుబాయి సంగతి తెలియని వాళ్ళెవరైనా ఇది చదివితే వాళ్ళ కోసం చెప్తున్నాను. బాయి లోపల పని మొదలుపెట్టే ముందు తల మీదున్న బండను కర్రతో కొట్టి వినాలి. ఖణేల్మంటే గట్టిది. డొల్లగా పలికితే దాని కింద గుంజ నిలబెట్టాలి, నిలబెట్టేదాకా ఎవరూ అటు పోకూడదు. మా బాపు పని అదే. ఆ పని చేసీ చేసీ, చుట్టాల ఇంటికి పోయినా దూలాన్ని కొట్టి చూసి గాని మంచం మీద కూర్చోడు. మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో పందిరి గుంజలన్నీ కొట్టుకుంటూ తిరిగితే అమ్మ, అదే మా అవ్వ, సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు కరీంనగర్‌లో, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళలో, ఇదే పని చేస్తాడన్నమాట.

అవ్వ స్టేషను దాకా వచ్చింది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి ఇచ్చింది. "ఇల్లు దొరికినా మంచిదే, దొరకకున్నా మంచిదే" అని ఆమె అంటుంటే నాకు ఒళ్ళు మండింది. రెండూ మంచివి ఎలా అవుతాయి?

గోదావరి మీద

ప్యాసింజరు బండిలో మాకెదురుగా సిర్పూరు వైపు నుంచి వస్తున్న ఒక పెద్దామె కూర్చుంది. గోచీ పెట్టి కట్టిన చీర, నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు, మాటలో సగం మరాఠీ. మా మూట విప్పగానే ఆమె కూడా తన మూట విప్పింది. ఆమెదీ జొన్నరొట్టే, కాకపోతే మనదానికన్నా మందం. ఆమె దాన్ని భాకర్ అంది. దాంతో పచ్చిమిరపకాయలు దంచిన నూరుడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో చెవుల్లోంచి పొగ వచ్చింది. మన ఎల్లిపాయ కారం దాని ముందు చంటిపిల్ల.

"కాయ్ భావూ, పోరికి లగ్నమా?" అని బాపును అడిగింది.

"కాదు ఆయీ, సదువు. ఉండనీకి ఇల్లు సూడబోతున్నం."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మా తమ్ముని పోరి గూడ గట్లనే సదువుకని చాందాకు పోయింది. నెల తిరగకముందే వాపస్ వచ్చింది."

"ఎందుకొచ్చింది?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"ఇల్లు మంచిదే బాయీ. మనుషులే మంచిగ లేరు."

బాపు మొహం చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, విన్నాడో లేదో తెలియలేదు. నాకు మాత్రం అక్కణ్ణుంచి అదే పాట. మనుషులు మంచివాళ్ళా కాదా అన్నది ఏ కర్రతో కొట్టి చూస్తాం?

మంచిర్యాల దాటాక గోదావరి వచ్చింది. తొలకరి నీళ్ళు, ఎర్రగా, సగం ఇసుక సగం నీరు. బండి వంతెన మీద నెమ్మదించగానే పెట్టెలో అందరూ లేచి చిల్లర విసిరారు. నేనూ ఒకటి వేసి, ఇల్లు దొరకాలి తల్లీ అని మొక్కాను. బాపు కూడా వేశాడు. కళ్ళు మూసుకొని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన అంత భక్తిగా మొక్కడం చూసి నాకు ధైర్యం వచ్చింది.

పెద్దపల్లి

ఇక్కడ బండి దిగి బస్సు ఎక్కాలి. బస్సు రావడానికి ముందు వాన వచ్చింది. ఉన్న ఒక్క గొడుగు సంచి మీద పట్టి, మేమిద్దరం తడిశాం. ఎందుకంటే సంచిలో నా మార్కుల కాగితాలున్నాయి. పక్కన ఒకామె ఇనుప మూకుడులో మక్కగారెలు, అంటే మొక్కజొన్న గారెలు వేస్తోంది. మన దగ్గర మక్కలు కాల్చుకు తినడమే ఎక్కువ. ఇక్కడ రుబ్బి, అల్లం పచ్చిమిర్చి వేసి, చేతి మీద తట్టి నూనెలో వేస్తారు. ఆకలి లేకపోయినా తిన్నాను. భయం వేసినప్పుడు నాకు నోరు ఊరుకోదు.

బస్సు ఎక్కగానే బాపు చేయి ఎత్తి పైన చెక్కను కర్రతో ఠక్కుమని కొట్టాడు. కండక్టరు వెనక్కి తిరిగి, "ఏం పెద్దమనిషీ, బస్సు కొంటవా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. నేను మాత్రం సీటులోకి కుంచించుకుపోయాను. రేపు ఇళ్ళవాళ్ళు కూడా ఇలాగే నవ్వి ఊరుకుంటారా?

కమాను దగ్గర

కరీంనగర్‌లో మాకు తెలిసినవాడు ఒక్కడే, మొగిలయ్య మామ. ఒకప్పుడు బాపుతో బాయిలో పనిచేసి, దగ్గు పట్టుకొని మానేసి, ఇక్కడ కమాను అనే పెద్ద ద్వారం దగ్గర చాయ్ కొట్టు పెట్టుకున్నాడు. నన్ను తన దగ్గరే ఉంచుకోవచ్చు గదా అని మీరు అడుగుతారు. ఆయనకున్నది కొట్టు వెనక ఒకటే గది. అందులోనే బియ్యం బస్తాలు, పొయ్యి, భార్య, పిల్లలు. మేం ఉన్నన్నాళ్ళు వాళ్ళు బస్తాల మీద ఒదిగి మాకు చోటిచ్చారు. ఆ మాట మరిచిపోను.

ఊరి గురించి రెండు ముక్కలు. మన లైన్లో అయితే ఒక గోడకు అటు ఉర్దూ, ఇటు మరాఠీ, ఎదురుగా అరవం. ఎవరింట్లో ఏం ఉడికినా అందరికీ వాసన. కరీంనగర్‌లో ఒక్కో వాడ ఒక్కో కులానిది. వాడ మారితే పొయ్యి వాసన కూడా మారుతుంది. అందరూ కట్టెల మీదే వండుతారు, బొగ్గు పొయ్యి అంటే వింతగా చూశారు. కూరగాయలు మన సంతకన్నా చవక, చాయ్ మాత్రం గ్లాసు చిన్నది. ఇంకొకటి, అక్కడ సైరన్ లేదు. పొద్దున మెలకువ వచ్చాక ఎంత పొద్దయిందో తెలియక చాలాసేపు బిక్కుబిక్కుమంటూ పడుకున్నాను. మనకు షిఫ్టు సైరనే కోడికూత అని అప్పుడు తెలిసింది.

మేడ ఇల్లు

పొద్దున్నే మొగిలయ్య మామ మమ్మల్ని ఒక మేడ ఇంటికి తీసుకెళ్ళాడు. నిజాం కాలంలో కచేరీలో పేష్కారుగా, అంటే పెద్ద గుమాస్తాగా చేసిన పెద్దాయన ఇల్లు. ఆయన మంచం దిగరు, వ్యవహారమంతా ఆయన భార్యదే. పేష్కారమ్మ అంటారట. మెట్లెక్కి పైగది చూపించింది. కిటికీలోంచి చూస్తే ఊరి గడియార స్తంభం కనపడుతుంది. నా ప్రాణం లేచొచ్చింది.

బాపు చెప్పులు విప్పి, "అమ్మా, ఏమనుకోకుండ్రి" అని, కర్ర ఎత్తి టేకు దూలాలను వరసగా కొట్టాడు. ఒక్కొక్కటీ ఖణేల్‌, ఖణేల్‌. ఆయన మొహం వెలిగిపోయింది. పేష్కారమ్మ ఏమీ అనలేదు సరికదా, "కొట్టు కొట్టు, మా మామగారు బస్తరు నుంచి తెప్పించిన కట్టె" అని మురిసిపోయింది.

"కిరాయి ఎంతమ్మా?" అన్నాడు మొగిలయ్య మామ.

"కిరాయా? పిల్ల దగ్గర కిరాయి తీసుకుంటమా? మా ఇంటి పిల్లోలె ఉంటది," అని, నా వైపు తిరిగి, "బిడ్డా, గా బావిల రెండు బిందెలు తోడి తొట్ల పొయ్యి. మీ బాపుకు చాయ్ పెడ్త," అంది.

పోశాను. చాయ్ తాగాక గ్లాసులు కడిగి బోర్లించమంది, బోర్లించాను. ఇంతలో ఇద్దరు మనవలు వచ్చి ఆమె కొంగు పట్టుకున్నారు. "వీళ్ళకు జర స్నానం పోసి బడికి తోలితే, తర్వాత నువ్వు కాలేజీకి పోవచ్చు. సాయంత్రం వంటకు ఎట్లాగూ ఇంటికొస్తవు. పెద్దాయనకు కాళ్ళు వత్తాలె, అదేం పెద్ద పని కాదు," అని ఒక్కొక్కటే చెప్పుకుపోతోంది. గొంతులో ఎంత ప్రేమో. ఆమె దుర్మార్గురాలు కాదు, నిజంగానే నన్ను ఇంటి పిల్లలా చూస్తుంది. ఇంటి పిల్లలకు ఎవరు పుస్తకం పట్టే తీరిక ఇస్తారు?

బాపు అప్పటికే ఆమెకు చేతులెత్తి మొక్కుతున్నాడు. ఒక్క మాట అంటే చదువు పోతుంది. అనకపోయినా చదువు పోతుంది. మెట్లు దిగుతూ బాపు చొక్కా పట్టుకు లాగాను.

"బాపు, గీ ఇంట్ల నేనుండ."

"ఎందుకు? కప్పు ఎంత గట్టిగున్నది!"

"కప్పు గట్టిదే. దాని కింద నేను సదువుకునేది ఎప్పుడు? పొద్దుగాల పిల్లలు, మాపటికి వంట. ఎట్లనన్న పనే చెయ్యాలంటె మనింట్లనే చేస్త గద."

బాపు మెట్టు మీదే ఆగిపోయాడు. నేను ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. కోప్పడతాడనుకున్నాను. కాసేపు కర్ర పొన్ను వైపు చూశాడు. "సరే, పా" అన్నాడు, అంతే.

కోర్టు వెనక సందు

రెండో ఇంటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు రోజే మొగిలయ్య మామ మాట్లాడి ఉంచిన గది. ఇంటాయన గుమ్మంలోనే నిలబడి, ఏ ఊరు, ఏమిట్లు, అంటే ఏ కులం, ఏం పని అని అడిగాడు. బొగ్గుబాయి అనగానే ఆయన చూపు బాపు గోళ్ళ మీదికి పోయింది. ఎంత తోమినా ఆ నలుపు పోదని మనకు తెలుసు.

"గది నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేసినం," అన్నాడు.

ఆయన వెనక ఆ గది తలుపు బార్లా తెరిచి, ఖాళీగా, అప్పుడే అలికి ఉంది. బాపుకు కర్ర ఎత్తే అవకాశమే రాలేదు. నాకు బాపు మొహం చూడాలంటే సిగ్గేసింది, నా కోసమే కదా ఆయన ఈ మాట పడ్డాడని.

సాయంత్రం చాయ్ కొట్టు బల్ల మీద కూర్చొని బాపు అన్నాడు: "రేపు పొద్దటి బస్సుకు పోదం బిడ్డా."

ఏడ్సుడు లేదని ఒప్పందం. అందుకని పళ్ళెంలో ఉన్న మిరపకాయ బజ్జీ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాను. కళ్ళనీళ్ళకు ఒక కారణం దొరికింది. మొగిలయ్య మామ మాత్రం మోసపోలేదు. కాసేపు గ్లాసులు కడుగుతూ ఉండి, "బావా, ఇంకొక ఇల్లున్నది. సాలోళ్ళ వాడల నర్సవ్వ ఇల్లు. ఆమె బిడ్డ పెండ్లయి పోయినంక ఒక మూల ఖాళీగున్నది. గాని..." అని ఆగాడు.

"గాని ఏంది?"

"మొగదిక్కు లేదు. పెనిమిటి షోలాపూరు మిల్లుల ఉన్నడు, పండుగకొస్తడు. నర్సవ్వ, ముసలత్త, ఇద్దరే."

"మొగోళ్ళు లేని ఇంట్ల ఎట్ల పెడ్త?" అన్నాడు బాపు.

"సూస్తె ఏం పోతది? బస్సు పొద్దెక్కినంక గద," అన్నాడు మామ. బాపు వద్దనలేదు గదా అని నేను దానికే వేలాడాను.

సాలోళ్ళ వాడ

ఆ నేతగాళ్ళ వాడ మీరు చూడాలి. పొద్దున్నే వీధి పొడవునా పడుగు చాపి, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు చాపి, గంజి పట్టిస్తున్నారు. వీధికి వీధే తెల్లటి దారం. మనుషులు, మేకలు, సైకిళ్ళు అన్నీ గోడల వెంబడి ఒదిగి పోతాయి. ఎవరూ దాన్ని దాటరు. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. ఒకదానికొకటి కలవదు, కానీ ఏదీ ఆగదు. ఆ మోతలో మన మాట మనకే వినపడదు. ఇక్కడ చదువెలా సాగుతుందని నాకు కొత్త దిగులు పట్టుకుంది.

నర్సవ్వ ముందు గదిలోనే గుంటలో కాళ్ళు పెట్టుకొని మగ్గం మీద కూర్చుంది. అత్త గోడకు ఆనుకొని రాట్నం మీద కండెలకు దారం చుడుతోంది. పెంకుటిల్లు. దూలాలు పొగచూరి నల్లగా ఉన్నాయి. మామ మేమెవరమో ఏమిటో చెప్పేలోపే బాపు తల పైకెత్తాడు. నేను "బాపు, ఒద్దు" అనబోయాను. కర్ర అప్పటికే లేచింది.

ఎన్నేళ్ళ మసో, ఎన్ని సాలెగూళ్ళో, మగ్గం మీద కొత్తగా ఎక్కించిన తెల్లటి పడుగు మీద కుప్పగా రాలింది.

మగ్గం ఆగిపోయింది. నర్సవ్వ గుంటలోంచి ఒక్క ఉదుటున లేచింది.

"అయ్యో నీ కర్ర పాడుగాను! ఇల్లు సూడొచ్చినవా, కూలగొట్టొచ్చినవా? మగ్గం మీది కప్పును ఎవడన్న కదిలిస్తడా?"

ఆ మాట నిజం. మగ్గం ఎక్కించాక పైకప్పును ఎవరూ ముట్టుకోరట. మసి దులపాలంటే బట్ట కోసి దించాకే. బొగ్గుబాయిలో కప్పు కొట్టకుండా ఉండటం తప్పు, ఇక్కడ కొట్టడం తప్పు. బాపు బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా నిలబడిపోయాడు. కర్ర దాచుకోవడానికి చోటు లేక వెనక్కి పట్టుకున్నాడు. అయిపోయింది, నా చదువు ఈ మసిలో కలిసిపోయిందనుకున్నాను.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. పక్కింటామె. "ఏమైందే నర్సక్కా, మగ్గం ఆగింది?" ఆమె వెనకే ఎదురింటాయన, చేతిలో గంజి కుంచెతోనే వచ్చాడు. "వదినా, అత్తకేమన్న అయిందా?" ఇంకా ఇటువైపు ఇంటి నుంచి ఒక పిల్ల తల్లి, చంకలో పాపతో. ఆ తర్వాత నెమ్మదిగా ఒక ముసలాయన. అంత మోతలో ఒక్క మగ్గం ఆగితే వాడకంతా తెలిసిపోయింది.

"ఏం కాలే, గీ పెద్దమనిషి మసి దులిపిండు. పోయి మీ పని సూసుకోండ్రి," అని నర్సవ్వ వాళ్ళను కసిరింది. వాళ్ళు నవ్వుకుంటూ పోయారు.

బాపు అలాగే గుమ్మం వైపు చూస్తున్నాడు. "గింతమంది ఎట్లొచ్చిండ్రమ్మా? ఎవలు పిలిసిండ్రు?" అని అడిగాడు.

"పిలుసుడేంది? సప్పుడు ఆగితె వస్తరు. వాళ్ళది ఆగితె నేను పోత. మొన్న గా ముసలాయన కండ్లు తిరిగి పడితె గట్లనే గద లేపింది."

బాపు మొగిలయ్య మామ వైపు చూశాడు. "మన బాయిల గూడ గంతే కదరా. పక్కోని సప్పుడు ఆగితెనే ఉరుకుతం," అన్నాడు. కర్రను తీసుకెళ్ళి బయట గోడకు ఆనించి వచ్చాడు.

తర్వాత మధ్యాహ్నం దాకా అందరం పడుగు శుభ్రం చేస్తూ కూర్చున్నాం. రుద్దితే మసి అంటుకుంటుంది, అందుకని ముందు ఊదాలి, ఆపైన మెత్తటి గుడ్డతో అద్దాలి. తెగిన దారాలు వేళ్ళ మధ్య నలిపి అతకడం నర్సవ్వ నేర్పించింది. మొదట నేను అతికినవన్నీ ఊడిపోయాయి. బాపు బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటే ముసలత్త బోసినోటితో ఒకటే నవ్వు. పొద్దటి బస్సు ఎప్పుడో పోయింది. ఎవరమూ దాని ఊసెత్తలేదు.

దారాలు అతుకుతూనే నర్సవ్వ నన్ను అడిగింది, "సదువుకుంటవట. భయమైతలేదా?"

"ఐతున్నది," అన్నాను. "అన్నిటికి ఐతున్నది."

"నేను ఈ ఇంటికొచ్చినప్పుడు నెల రోజులు మగ్గం సప్పుడుకు నిద్ర రాలే. ఇప్పుడు సప్పుడు లేకుంటె రాదు. నీ పుస్తకం నువ్వు సదువుకో, కిరాయి నెలనెల ఇయ్యి. కండెలు చుట్టబుద్ధైతె చుట్టు, లేకుంటె లేదు. పని చెప్పనీకి నువ్వు నా కోడలువు కాదు."

ఆ ఆఖరి మాట కోసం నేను అంత దూరం వచ్చానేమో. మధ్యాహ్నం మక్క రవ్వతో వండిన గటుక, పచ్చిపులుసు పెట్టింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు గాని, మొదటి ముద్ద బాపు పళ్ళెంలోనే వేసింది.

గుంజ

ఇల్లు కుదిరింది. కానీ మా బాపు ఊరుకుంటే ఆయన బాపు ఎలా అవుతాడు? నేను పడుకోబోయే మూల మీది దూలం ఆయన మనసుకు నచ్చలేదు. పుచ్చిందని కాదు, "ఏమో" అన్నాడు. సాయంత్రం మొగిలయ్య మామను వెంటేసుకొని కట్టెల అడితికి పోయి, ఒక మొద్దును భుజాన వేసుకొని వచ్చాడు. ఈసారి ముందు నర్సవ్వను అడిగాడు. ఆమె మగ్గం మీద పాత దుప్పట్లు కప్పి, "ఊ, కానియ్యి" అంది.

బాపు ఆ మొద్దును దూలం కింద నిలబెట్టి, పైన సన్నని చెక్కముక్కలు దిగ్గొట్టి బిగించాడు. బాయిలో ఆయన పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు, ఆడవాళ్ళను దిగనివ్వరు గదా. ఆ చీకటి మూలలో తల పైకెత్తి, చెవి పెట్టి, నెమ్మదిగా కొడుతుంటే నాకు ఉన్నట్టుండి కొత్త భయం పట్టుకుంది. రోజూ ఈయన ఇలాంటి కప్పు కిందే ఉంటాడు. నేను ఇక్కడుంటే సైరన్ కూడా వినపడదు.

"కట్టె ఎండితె చెక్కలు వదులైతయి. నెలకొక్కసారి వచ్చి బిగించి పోవాలె," అన్నాడు చేతులు దులుపుకుంటూ, ఎటో చూస్తూ.

నర్సవ్వ నడుము మీద చేతులు పెట్టుకొని ఆ గుంజను కిందినుంచి పైదాకా చూసింది. "ఓ అన్నా, బిడ్డను సూడనీకి రావాలంటె ఉత్తగనే రా. దానికి ఇంత పెద్ద మొద్దు పెట్టాల్నా?"

ముసలత్త ఆ గుంజకు అప్పుడే నా తువ్వాల ఆరేసింది.

మళ్ళీ గోదావరి

తిరుగు బండిలో మా ఎదుట ఎవరూ లేరు. నేను లెక్కలేనన్ని సంగతులు చెబుతున్నాను, కిటికీ పక్కన పుస్తకాలు ఎలా పెట్టుకోవాలో, ఆదివారం ఏం చేయాలో. బాపు వింటూ మధ్యమధ్య ఊకొట్టాడు, గోదావరి దగ్గరపడే కొద్దీ అదీ మానేశాడు.

వంతెన మీద బండి నెమ్మదించింది.

"పోయెటప్పుడు ఈడ నేనేం మొక్కిన్నో ఎరుకేనా?" అన్నాడు.

"ఇల్లు దొరకాలని."

"దొరకొద్దని."

ఆయన నా వైపు చూడలేదు.

"నిన్ను దూరం తోలాలంటె బుగులైంది బిడ్డా. ఒద్దని నా నోటితోని చెప్పబుద్ధి కాలే. ఇల్లు దొరకకుంటె, ఒద్దన్న మాట నా మీదికి రాదు గద అనుకున్న. మేడ ఇంట్ల నువ్వు ఉండ అన్ననాడు లోపల సంతోషమైంది. తర్వాత అంత సంతోషమైనందుకు నా మీద నాకే అసహ్యమేసింది." జేబులు తడుముకున్నాడు. "చిల్లర లేదు. నీ దగ్గరున్నదా? ఇంకోటెయ్యాలె. గా మొక్కు వాపస్ తీసుకోవాలె."

నాకు కోపం రావాలి, రాలేదు. ఏడుపొచ్చింది. ఒప్పందం గుర్తొచ్చింది గాని, ఇప్పుడది చెల్లదనుకున్నాను. కొంగు కొసన ముడి విప్పి, ఉన్న ఒక్క ఐదు పైసల బిళ్ళ ఆయన చేతిలో పెట్టాను.

బాపు కళ్ళు మూసుకొని మొక్కి, చేయి బయట పెట్టి విసిరాడు. అది నీళ్ళలో పడేముందు వంతెన ఇనుప దూలానికి తగిలి ఖణేల్మంది. బాపు కిటికీ చువ్వలకు చెవి ఆనించి విన్నాడు.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు.